డ్రైవ్‌కు పాఠం చెప్పిన ప్రోగ్రాములు

1982లో అమెరికాలో వెలువడిన కమడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్‌లో డిస్క్ డ్రైవ్ ఉండేది కాదు. 1541 అనే డ్రైవ్‌ను విడిగా కొని, ఆరు పిన్నుల కేబుల్‌తో తగిలించుకోవాలి. ఆ డ్రైవ్ మూత తీసి చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. లోపల సొంత ప్రాసెసర్, 2 కిలోబైట్ల మెమొరీ ఉన్నాయి! అంటే కంప్యూటర్‌కు మరో కంప్యూటర్‌ను తగిలించామన్నమాట.

మరి అంత తెలివైన డ్రైవ్ చురుగ్గా పనిచేసేదా? సెకనుకు సుమారు 400 బైట్లే పంపేది. 40,000 బైట్ల ఆట లోడ్ కావడానికి ఎంతసేపో లెక్కకట్టండి: 100 సెకన్లు! కేబుల్‌లో సమాచారాన్ని మోసే తీగ ఒక్కటే. బిట్లు దానిమీద చీమల బారులా ఒకదాని వెనుక ఒకటి నడవాలి. నిజానికి వాటిని వేగంగా నెట్టే పని అంతకుముందు వచ్చిన విక్-20 మోడల్‌లో ఒక చిప్‌ది. ఆ చిప్‌లో లోపం ఉండడంతో ఒక్కొక్క బిట్‌నూ ప్రోగ్రామే పంపే నెమ్మది పద్ధతి పెట్టారు. కొత్త కంప్యూటర్‌కూ అదే సంక్రమించింది.

ప్రోగ్రాములు రాసేవారు ఊరుకుంటారా? డ్రైవ్‌కు ఎలాగూ ప్రాసెసర్ ఉంది గదా! దాని మెమొరీలోకి ముందుగా ఒక చిన్న ప్రోగ్రామును పంపారు. ఇక డేటా తీగతోపాటు క్లాక్ తీగమీద కూడా బిట్లు, రెండేసి చొప్పున! వేగం ఎన్నో రెట్లు పెరిగింది. కరెంటు తీసేస్తే మాత్రం డ్రైవ్ ఆ పాఠం మరిచిపోతుంది; మళ్ళీ చెప్పాలి.