విశ్వానికి ఆది ఉంటే కర్త ఉన్నట్టేనా?



మహావిస్ఫోటంతో విశ్వం మొదలైందని సైన్సే ఒప్పుకున్నాక, దాన్ని మొదలుపెట్టినవాడు ఉన్నట్టే కదా అని రాశావు, మనవరాలా. మంచి ప్రశ్న. దీనికి నాకంటే బాగా జవాబు చెప్పగలవాడు జార్జ్ లెమైత్ర్. బెల్జియం భౌతిక శాస్త్రవేత్త, పైగా కేథలిక్ ఫాదర్. విశ్వం విస్తరిస్తోందని ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి 1927లో తేల్చింది ఆయనే. ఒకప్పుడు సమస్తమూ ఒక్క ఆదిమ పరమాణువుగా ఉండేదని 1931లో ప్రతిపాదించిందీ ఆయనే.

1951 నవంబరులో పోప్ పన్నెండో పయస్, సృష్టి జరిగిందనడానికి ఆధునిక విజ్ఞానం సాక్ష్యం పలుకుతోందన్న ధోరణిలో వాటికన్‌లో ప్రసంగించాడు. లెమైత్ర్ పొంగిపోవాల్సింది. నొచ్చుకున్నాడు. తన సిద్ధాంతం మతం జోలికి పోదనీ, దేవుణ్ణి నమ్మేవాడికీ నమ్మనివాడికీ అది ఒకటేననీ ఆయన పట్టుదల. మరుసటి సెప్టెంబరులో రోమ్‌లో అంతర్జాతీయ ఖగోళ సభనుద్దేశించి మాట్లాడినప్పుడు పోప్ మళ్లీ ఆ వాదన ఎత్తలేదు.

ఆ సభలోనే ఖగోళ శాస్త్రవేత్త వాల్టర్ బాడే, గెలాక్సీల దూరాలు అప్పటిదాకా అనుకున్నదానికి సుమారు రెట్టింపని ప్రకటించాడు. దాంతో విశ్వం వయసు కూడా రెట్టింపైంది. అంతకుముందు లెక్క ప్రకారం విశ్వం కన్నా భూమి మీది రాళ్లే పాతవి! విశ్వానికి మొదలే లేదనే ఖగోళ శాస్త్రవేత్త హాయిల్ బృందం సిద్ధాంతం కూడా అప్పటికింకా బలంగానే ఉంది. 1965లో ఆకాశమంతా పరుచుకున్న సూక్ష్మతరంగాల సంగతి వెల్లడయ్యాకే ఆ పోటీ ఒక కొలిక్కి వచ్చింది. అలా మారే లెక్కల మీద దేవుణ్ణి నిలబెడితే, లెక్క మారిన రోజున ఆయన్నీ దించాల్సి వస్తుంది. ఇది భక్తికి మేలు చేసే పనేనా, ఆలోచించు.

ఇవాళ్టి లెక్కలో విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు. మన సమీకరణాలు ఆ తొలి క్షణానికి చాలా దగ్గరగా తీసుకెళ్తాయి కానీ, సరిగ్గా అక్కడే పనిచేయడం మానేస్తాయి. గురుత్వాకర్షణనూ క్వాంటం సిద్ధాంతాన్నీ కలిపే సూత్రం ఇంకా మన చేతికి రాలేదు. కాబట్టి అది సంపూర్ణమైన ఆరంభమా, అంతకుముందున్న దేనికో కొనసాగింపా అన్నది తేలలేదు.

ఇక ‘పుట్టిన ప్రతిదానికీ కారణం ఉండాలి’ అన్న వాదన. కుండకు కుమ్మరి ఉన్నట్టే జగత్తుకూ కర్త ఉండాలని న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు వాదించారు. ఉదయనుడు ‘న్యాయకుసుమాంజలి’లో దాన్ని గొప్పగా నిలబెట్టాడు. అతనికంటే ముందే కుమారిలభట్టు అలాంటి వాదాన్ని నిలదీశాడు: శరీరం లేని కర్త ఎలా పనిచేశాడు? ఇంత దుఃఖమున్న లోకాన్ని ఎందుకు చేశాడు? కుమారిలుడు నాస్తికుడు కాడమ్మా, వేదాన్ని ప్రాణంగా నమ్మిన మీమాంసకుడు. కుమ్మరీ మట్టీ కాలంలో ఉన్నవే. కాలానికే కారణం వెతకాలంటే కుండ ఉదాహరణ చాలదని నా అభిప్రాయం.

నేను రోజూ దీపం పెడతాను. ఆ నమ్మకానికి ఏ టెలిస్కోపునూ సాక్షిగా పిలవను. అసలు ఏమీ లేకపోవడానికి బదులు ఏదో ఒకటి ఎందుకుంది అన్న ప్రశ్న నిజమైనదే, అడగాల్సిందే. కానీ అది తత్త్వశాస్త్రపు ప్రశ్న, కొలతలతో తేలేది కాదు.

సైన్సు దేవుణ్ణి రుజువు చేసిందని ఎవరైనా అన్నా, లేడని తేల్చిందని అన్నా, ఏ కొలత ఆ మాట చెప్పిందో మర్యాదగా అడుగు. వాళ్లు ఏం చెప్పారో నాకు రాయి.

మీ తాతయ్య