మేతను బట్టి మాంసం: గొర్రెల పెంపకంలో మూడు పద్ధతులు

2019 పశుగణన ప్రకారం దేశంలోని గొర్రెలు సుమారు 7.43 కోట్లు. వాటిలో 1.91 కోట్లు తెలంగాణలోను, 1.76 కోట్లు ఆంధ్రప్రదేశ్‌లోను ఉన్నాయి. అనగా దాదాపు సగం మంద తెలుగునేలదే. నగరవాసులమైన మనకు మాత్రం మంద కనబడదు, అంగడిలోని మాంసమే కనబడుతుంది. దాని రంగుకు, రుచికి, మెత్తదనానికి ఆ జీవం పెరిగిన తీరే చాలావరకు కారణం.

పెంపకం – ఎదుగుదల

మొదటిది తిప్పి మేపే పద్ధతి. నెల్లూరు, దక్కని జాతుల మందలు తరతరాలుగా బీళ్లలోను, కోత ముగిసిన పొలాల్లోను మేస్తున్నాయి. కాపరికి ఖర్చు తక్కువ. కాని తిన్నదానిలో కొంత శక్తి నడకకే వ్యయమవుతుంది. ఎండకాలంలో పచ్చిక కరువై బరువు తగ్గుతుంది, వానలు పడగానే తిరిగి వేగంగా కోలుకుంటుంది.

రెండవది కొట్టంలో కట్టి మేపే పద్ధతి. పచ్చిమేత, చొప్ప, దాణా కొలతగా అందుతాయి. పిల్ల త్వరగా అమ్మకపు బరువుకు వస్తుంది. అయితే దాణా ఖర్చు ఎక్కువ. కొట్టం శుభ్రత తప్పితే రోగాలు త్వరగా వ్యాపిస్తాయి.

మూడవది మిశ్రమ పద్ధతి. పగలు బయట మేసిన జీవానికి సాయంత్రం కొంత దాణా ఇస్తారు. చిన్నరైతుకు ఇది అందుబాటులోని మార్గం.

మాంసపు గుణం

దాణాతో పెరిగిన లేత పొట్టేలు మాంసం లేత ఎరుపుగా, కొవ్వు ఎక్కువగా ఉంటుంది. పచ్చికపై పెరిగినదానిలో కొవ్వు తక్కువ, ఒమేగా-3 ఆమ్లాల పాలు ఎక్కువ. అది తరచు కాస్త ముదురు రంగులో, ఘాటైన వాసనతో ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ కండరాలను కలిపి ఉంచే కొల్లాజెన్ గట్టిపడుతుంది, కనుక ముదురు జీవపు మాంసం ఉడకడానికి ఎక్కువ సేపు పడుతుంది. జాతి ప్రభావమూ ఉంది. కర్ణాటకలోని బన్నూరు గొర్రె పొట్టిదైనా మాంసానికి పేరు పొందినది.

చివరి దినం

ఎంత చక్కగా పెంచినా, వధకు ముందు బడలిక కలిగితే ఆ శ్రమ వృథా అవుతుంది. లారీలో కిక్కిరిసి, నీరు లేక ప్రయాణించిన జీవపు కండరాలలో గ్లైకోజెన్ తరిగిపోతుంది. అది లేనిదే వధానంతరం తగినంత లాక్టిక్ ఆమ్లం ఏర్పడదు. ఫలితంగా మాంసం నల్లబారి, గట్టిగా, పొడిగా ఉండి త్వరగా చెడిపోతుంది. వధశాలలలో నీరు, మేత ఉన్న విశ్రాంతి స్థలం ఉండాలని 2001 నాటి కేంద్ర నియమాలు చెప్పడం ఈ దృష్ట్యా కూడ మేలైనదే. మూడు నెలల లోపు జీవాన్ని, చూలు జీవాన్ని, పశువైద్యుడు ధ్రువీకరించని జీవాన్ని వధించరాదని కూడ అవే నియమాలు నిర్దేశిస్తున్నాయి.

కొనుగోలుదారులకు సూచన

ముదురు రంగు పచ్చిక మేతవల్ల రావచ్చు, వయసువల్ల రావచ్చు, బడలికవల్లనూ రావచ్చు. కనుక రంగు ఒక్కటే చూసి కాపరి కష్టానికి ధర తగ్గించడమూ తగదు, ఎరుపు చూసి మోసపోవడమూ తగదు. పశువైద్య తనిఖీ ముద్ర ఉన్నదా అని అడగండి. అలా అడగడం మీ హక్కు.

ఆలోచించండి

1. పచ్చికపై పెరిగిన జీవం ఏ కాలంలో బరువు తగ్గుతుంది? ఎందువల్ల?
2. వధకు ముందు విశ్రాంతి లేకపోతే మాంసం ఎందుకు త్వరగా చెడిపోతుంది?
3. మీరు కొనే అంగడిలో తనిఖీ ముద్రను ఎన్నడైనా చూశారా?