పాల క్యాన్ల ట్రెయిలరుకు ఏ బండి కట్టాలి?

కొన్ని సంఘాల కార్యవర్గాలవారు ఈ మధ్య మమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "మా ఊరి పాలు, పక్క రెండు ఊళ్ళ పాలు కలిపి బల్క్ కూలరున్న ఊరికి చేర్చాలి. చిన్న ట్రెయిలరు ఒకటి చేయించాం. దాన్ని లాగడానికి తక్కువ ధరలో ఏ బండి కొనమంటారు?" బండి చేయించి ఆ తరువాత ఎడ్లను వెతుక్కున్నట్టుంది. అయినా అడగవలసిన ప్రశ్నే. డబ్బు సభ్యులది కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాం.

ముందుగా ఒక మాట. 2005లో టాటా ఏస్ వచ్చినప్పటి నుంచి సుమారు ముప్పావు టన్ను మోసే చిన్న నాలుగు చక్రాల బండ్లు పల్లెల్లోకి వచ్చాయి. సంఘానికి బండీ ట్రెయిలరూ రెండూ లేకపోతే అటువంటిది ఒకటి చూసుకోవడమే మేలు. ట్రెయిలరు కలిసివచ్చేది, లాగే బండికి మిగతా పగలంతా వేరే పని ఉన్నచోట. ఉదయం క్యాన్లు దింపి, ట్రెయిలరు విప్పి పక్కన పెట్టి, పశువుల డాక్టరుగారిని తేవడానికో, దాణా బస్తాలకో వెళ్ళేట్టయితే దాని ఉపయోగం వేరు.

ఇక బరువు లెక్క. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. 40 లీటర్ల క్యాను నిండితే పాలే 41 కిలోల పైచిలుకు. క్యాను, మూత తొమ్మిది కిలోలు అనుకుంటే మొత్తం 50 కిలోలు. మీ క్యాన్లు మీరే తూచి చూడండి, స్టీలువైతే ఇంకా బరువుంటాయి. పన్నెండు క్యాన్లకు 600 కిలోలు. ట్రెయిలరు సొంత బరువు 300 కిలోలయితే వెనక లాగవలసినది 900 కిలోలు. ఈ 900 తెలియకుండా బండి బేరానికి వెళ్ళవద్దు.

అందరూ మొదట అడిగేది ఇంజను ఎన్ని గుర్రాలదని. సుమారు 1300 కిలోల జీపు, వెనక 900 కిలోల ట్రెయిలరు, మొత్తం 2200 కిలోలు. పది అడుగులకు ఒక అడుగు లేచే మంచి ఎత్తు ఎక్కాలంటే ఆ ఎత్తుకే 220 కిలోల లాగుడు కావాలి. చక్రాల ఈడ్పుకు ఇంకో 44 వేసుకోండి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి చక్రాల దగ్గర 20 గుర్రాల శక్తి సరిపోతుంది. కాబట్టి 40 గుర్రాల పాత డీజిలు జీపు కూడా ఎక్కుతుంది. చిక్కు ఎక్కడంలో లేదు, ఆపడంలో ఉంది.

ట్రెయిలరుకు బ్రేకులు లేకపోతే 1300 కిలోల కోసం చేసిన బ్రేకులు 2200 కిలోలను ఆపాలి. అదే వేగంలో ఆగే దూరం ఒకటికి దాదాపు ఒకటిముప్పావు అవుతుంది. వేగం తగ్గిస్తే దూరం ఇంకా త్వరగా తగ్గుతుంది, ఎందుకంటే అది వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది. ఒంటరి జీపు 40లో ఆగే దూరంలోనే ట్రెయిలరున్న జీపూ ఆగాలంటే 30 దాటకూడదు. డ్రైవరు ఎదురుగా ఈ అంకె పెద్ద అక్షరాలతో రాయించండి.

యూరప్ దేశాల్లో బ్రేకులు లేని ట్రెయిలరుకు 750 కిలోలు హద్దు, అదీ లాగే బండి బరువులో సగం మించకూడదు. సెలవులకు పడకగది, వంటగది ఉన్న చిన్న ఇంటి ట్రెయిలరును కారు వెనక కట్టుకుని తిరిగే అలవాటు బ్రిటన్‌లో ఎక్కువ. దానికి బ్రేకులు ఉన్నా, కొత్తగా లాగేవారికి అక్కడి పెద్దలు చెప్పే లెక్క, ట్రెయిలరు కారు బరువులో 85 శాతం మించవద్దని. వారిది విహారం, మనది పాలు. బరువు న్యాయం ఇద్దరికీ ఒకటే. 1300 కిలోల జీపుకు సగం 650. మన 900 అంతకు మించింది. అంటే పన్నెండు క్యాన్ల ట్రెయిలరుకు బ్రేకులు పెట్టించి తీరాలి, లేదా క్యాన్లు తగ్గించాలి. ఖాళీ బండి బరువు రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉంటుంది, చూసుకోండి.

ఒక సంఘంలో జరిగినది చెబుతాం, ఊరి పేరు అక్కరలేదు. ధర తక్కువని ముందు చక్రాలతో లాగే పాత చిన్న కారు కొన్నారు. వెనక బంపరుకు కొక్కెం వెల్డింగు చేయించారు. మొదటి ఊరి క్యాన్లు ట్రెయిలరు కొసన పెట్టి, తరువాతి ఊళ్ళవి ముందుకు సర్దడం బద్ధకించారు. వాన వెలిసిన ఉదయం చెరువు కట్ట ఎక్కుతుంటే ముందు చక్రాలు బురదలో గిర్రున తిరిగాయి, బండి వెనక్కి జారింది, బంపరు ఊడింది. ట్రెయిలరు కట్ట దిగి తుమ్మచెట్టుకు ఆనుకుంది. ఆ వేళకు కట్టమీద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఒక పూట పాలన్నీ నేలపాలు. మేము వెళ్ళేసరికి కార్యదర్శి ఖాళీ క్యాన్లు ఏరుతున్నాడు. ఆ నష్టం చివరకు సభ్యుల బోనసులోనే కోత పడింది.

అందులో మూడు తప్పులున్నాయి. కొక్కెం మీద పడే బరువు బండి వెనక భాగాన్ని కిందికి నొక్కుతుంది, ముందు భాగాన్ని తేల్చుతుంది. ముందు చక్రాలతో లాగే కారుకు ఎత్తు మీద పట్టు పోయేది ఇందువల్లనే. జీపు వంటి వెనక చక్రాల బండికి అదే బరువు మేలు చేస్తుంది. రెండవది, కొక్కెం ఛాసిస్ రెండు పట్టాలకూ బోల్టులతో బిగించాలి; బంపరు అందుకు చేసినది కాదు. కొక్కేనికి తోడు రెండు గొలుసులు అడ్డంగా మార్చి కట్టాలి. మూడవది సర్దుబాటు. ట్రెయిలరు మొత్తం బరువులో పదో వంతుకు అటూ ఇటుగా కొక్కెం మీద పడాలి, 900 కిలోలకు 90 కిలోలన్నమాట. మొదటి క్యాన్లు ఇరుసు మీదకు, కొంచెం ముందుకు చేర్చాలి. తోక బరువైతే ట్రెయిలరు పాములా ఊగుతుంది, వేగం పెంచినకొద్దీ ఎక్కువవుతుంది. ఊగినప్పుడు గట్టిగా బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటరు వదలడమే మార్గం.

ట్రాక్టరు ఉంది కదా అంటారు. బరువుకు, బురదకు దానికి సాటి లేదు. కాని గతుకుల్లో ట్రాక్టరు ట్రెయిలరు కుదుపు మీకు తెలిసిందే. సగం నిండిన క్యానులో వెచ్చని పాలు అలా కుదిలితే కవ్వంతో చిలికినట్టే, వెన్న పలుకులుగా మూతకు, అంచులకు అంటుకుంటుంది. తరువాత ఎంత కలిపి నమూనా తీసినా వెన్నశాతం సరిగా రాదు. పాల ధర వెన్నను బట్టి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. క్యాన్లు నిండుగా నింపండి, మిగిలినది ఒక్క చిన్న క్యానులో పోయండి. పవర్ టిల్లరు నాలుగైదు కిలోమీటర్ల దారికి చాలు, అంతకు మించితే ఆలస్యం. పితికిన పాలు మూడు నాలుగు గంటల్లో చల్లబడాలి, వేసవిలో ఇంకా ముందే.

వ్యవసాయానికని రిజిస్టరైన ట్రాక్టరును, ట్రెయిలరును కిరాయికి తిప్పితే ప్రమాదం జరిగినప్పుడు బీమా వద్ద పేచీ రావచ్చు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రెయిలరుకూ రిజిస్ట్రేషన్ కావాలి. ఈ కాగితాలు సంఘం పేర ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

మా అభిప్రాయంలో పన్నెండు క్యాన్ల లోపు ట్రెయిలరుకు గట్టి ఛాసిస్ ఉన్న పాత డీజిలు జీపు, బొలేరో తరహా బండి అనువైనవి. రంగు, సీట్లు చూసి మోసపోకండి. కింద పడుకుని ఛాసిస్ వెనక అడ్డపట్టీ దగ్గర పగుళ్ళు, పాత వెల్డింగులు వెతకండి. కమాను పట్టీలు విరిగాయా, రేడియేటరు కారుతోందా చూడండి. హ్యాండ్ బ్రేకు లాగి, మూడో గేరు వేసి, క్లచ్చి మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోతే క్లచ్చి బాగున్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అరిగినట్టు, ట్రెయిలరు లాగే బండికి అది మొదటి ఖర్చు.

ఖర్చును లీటరుకు లెక్కించండి. పూటకు 480 లీటర్లు, రోజుకు 960, నెలకు 28,800. డీజిలు, డ్రైవరు, టైర్లు, మరమ్మతు, బీమా, అప్పు వాయిదా కలిపి నెలకు 28,800 రూపాయలయితే లీటరుకు రూపాయి. ఇప్పుడు కిరాయి బండికి ఇస్తున్నదానితో పోల్చి సర్వసభ్య సమావేశంలో పెట్టండి. ఎండాకాలం పాలు సగానికి పడితే ఆ రూపాయి రెండవుతుందని కూడా చెప్పండి.

బయానా ఇచ్చేముందు ఇంకొక పని. క్యాన్ల నిండా నీళ్ళు పోసి, ట్రెయిలరు కట్టి, మీ దారిలో అన్నిటికంటే నిటారైన ఎత్తు మీద మధ్యలో ఆపి, మళ్ళీ కదిలించి చూడండి. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి వాసన వస్తుందేమో గమనించండి. అమ్మేవారు దీనికి ఒప్పుకోకపోతే వేరే బండి చూసుకోండి.