మలి వయసులో కవితా సాధన

ఉద్యోగ విరమణ అయ్యాక, పిల్లల బాధ్యతలు తీరాక కొందరికి హమ్ద్, నాత్ రాయాలన్న కోరిక కలుగుతుంది. "ఈ వయసులో కవిత్వమేమిటి? తస్బీహ్ చదువుకోరాదా?" అంటారు ఇంట్లోవారు. ఈ విషయంలో హజ్రత్ హస్సాన్ బిన్ సాబిత్ (రజి) జీవితం మనకు దారి చూపుతుంది.

ఆయన మదీనాలోని ఖజ్రజ్ తెగవారు. ఇస్లాం స్వీకరించేనాటికి ఆయన వయసు దాదాపు 60 ఏళ్లని చరిత్రకారులు పేర్కొన్నారు. అంతకుముందు గస్సాన్ రాజులను పొగిడి కానుకలు అందుకున్న పేరుమోసిన కవి ఆయన. ఆ తర్వాత తన నాలుకను ధర్మం కోసం వినియోగించారు.

ఖురైష్ కవులు దైవప్రవక్త (స)ను నిందిస్తూ కవితలు అల్లేవారు. వారికి జవాబు చెప్పడానికి హస్సాన్ (రజి) సిద్ధమయ్యారు. తొందరపడవద్దనీ, తన వంశం కూడా ఖురైష్‌లోనిదేననీ, ఆ వంశావళి బాగా తెలిసిన అబూబక్ర్ (రజి) వద్దకు వెళ్లి తెలుసుకొమ్మనీ దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆయన వెళ్లి తెలుసుకొని వచ్చి, పిండిలోంచి వెంట్రుకను లాగినట్లు మిమ్మల్ని వారి నుంచి వేరుచేస్తానని విన్నవించుకున్నారు. ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది.

గమనించండి! అంతటి కవి కూడా ముందు వెళ్లి నేర్చుకోవలసి వచ్చింది. ఆ వయసులో ఆయన దాన్ని చిన్నతనంగా భావించలేదు. ఆలస్యంగా కలం పట్టేవారికి ఇదే తొలి పాఠం.

ఒకసారి ఆయన మస్జిదులో కవిత చదువుతుండగా హజ్రత్ ఉమర్ (రజి) అసంతృప్తిగా చూశారు. మీకంటే ఉత్తములైనవారు ఇక్కడ ఉన్నప్పుడే నేను చదివాను అని హస్సాన్ (రజి) బదులిచ్చారు. ఆయన కోసం దైవప్రవక్త (స) దుఆ చేసిన సంగతిని అబూహురైరా (రజి) ధ్రువీకరించారు. కాబట్టి పెద్దవారి ఆసక్తిని ఇంట్లోవారు తేలిగ్గా తీసిపారేయకూడదు.

అయితే కవిత్వానికీ హద్దులున్నాయి. తాము చేయనిది చెప్పే కవులను షుఅరా సూరా (26:224-227) మందలించింది. విశ్వసించి, సత్కార్యాలు చేస్తూ, అల్లాహ్‌ను అధికంగా స్మరించేవారిని మినహాయించింది. నాత్ రాసే చేయి నమాజు వేళ ఆగాలి. దైవప్రవక్త (స) తన ప్రశంసలో హద్దు మీరవద్దని హెచ్చరించారు. అల్లాహ్‌కు మాత్రమే చెందిన గుణాలను ఆయనకు అంటగట్టకూడదు. ప్రామాణికం కాని కథలను పద్యాల్లో చేర్చకూడదు. రాసినదాన్ని నలుగురిలో చదివే ముందు ఒక ఆలిమ్‌కు చూపించాలి. ఆయన వయసులో మనకంటే చిన్నవారైనా సరే!

మన మాటలనూ, మన మిగిలిన రోజులనూ అల్లాహ్ స్వీకరించుగాక! ఆమీన్.