రోజుకొక ముగ్గు - ఏడాది పాటు



ఈ నెల ఆరోగ్య పాఠం మందుల గురించి కాదు. రోజుకొక కొత్త బొమ్మ చొప్పున ఏడాది పాటు, అంటే 365 బొమ్మలు వేయడం గురించి. "బొమ్మలు వేయడం మాకెక్కడ వచ్చునండీ?" అని చాలామంది అంటారు. కానీ మన చోడవరం చుట్టుపక్కల ఊళ్ళలో తెల్లవారక ముందే వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసే స్త్రీ ఈ పని ఎన్నో ఏళ్ళుగా చేస్తూనే ఉంది. నిన్నటి ముగ్గు చెరిగిపోతుంది, ఈరోజు మరొకటి వేస్తుంది. ఆమెను ఎవరూ చిత్రకారిణి అనరు. ఆమె కూడా అనుకోదు.

ముగ్గులో ఏముంది?

మధ్య వరుసలో 7 చుక్కలు పెట్టి, రెండు వైపులా ఒక్కొక్కటి తగ్గిస్తూ 4 వరకు వస్తే అది సందు చుక్కల ముగ్గు. మొత్తం 37 చుక్కలు. అదే 7 నుండి రెండేసి తగ్గిస్తూ 1 వరకు వస్తే ఎదురు చుక్క. మొత్తం 25 చుక్కలు. మెలికల ముగ్గులో ఒక్క మెలిక తప్పినా గీత కలవదు. చూశారా, ఇందులో లెక్క ఉంది, జ్ఞాపకం ఉంది, కన్ను చూసినట్టు చేయి కదలడం ఉంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య నుండి పిండి సమానంగా జారాలంటే వేళ్ళకు ఎంత అదుపు కావాలో ఆలోచించండి.

ఆరోగ్యానికి ఏమి మేలు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక నివేదిక ప్రచురించింది. కళలకు, ఆరోగ్యానికి గల సంబంధంపై 900కు పైగా ప్రచురణలను అందులో పరిశీలించారు. జబ్బులు రాకుండా చూసుకోవడంలోను, వచ్చిన జబ్బును తట్టుకోవడంలోను కళలు తోడ్పడతాయని తేల్చారు. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వారు 2016లో 39 మంది పెద్దవారి చేత 45 నిమిషాలు బొమ్మలు చేయించారు. వారిలో సుమారు 75 శాతం మందికి కార్టిసాల్ తగ్గింది. మనసు ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒంట్లో పెరిగే హార్మోను ఇది. బొమ్మలు వేయడం వచ్చినవారికీ రానివారికీ ఇందులో పెద్ద తేడా కనబడలేదు.

పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవారికి చేయి మళ్ళీ స్వాధీనంలోకి రావాలంటే ఒకే రకమైన పనిని ఎన్నోసార్లు చేయాలి. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళు మేము దగ్గరుండి చేయిస్తాం. ఇంటికి వెళ్ళాక చాలామంది మానేస్తారు. వేళ్ళు బిగుసుకుపోతాయి. బంతి నొక్కమంటే విసుగు వస్తుంది గాని, పలక మీద చుక్కలు పెట్టి కలపమంటే అంత విసుగు ఉండదు. అయితే ఇది వైద్యానికి బదులు కాదు. డాక్టరుగారు రాసిన మందులు, వ్యాయామాలు మానకూడదు.

ఏడాది ఎందుకు?

ధనుర్మాసంలో సంక్రాంతి వరకు నెల రోజులు పోటీలు పడి ముగ్గులు వేస్తారు. క్రిస్మస్ నెలలో మన ఇళ్ళ ముందు కూడా నక్షత్రం ముగ్గులు కనబడతాయి. పండుగ వెళ్ళగానే చాలా ఇళ్ళలో ఆ ఉత్సాహం తగ్గిపోతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీవారు 96 మందిని పరిశీలించి 2009లో చెప్పినదాని ప్రకారం ఒక కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పడుతుంది. కొందరికి 18 రోజులు చాలితే, మరికొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చు. కాబట్టి నెల రోజులు చాలవు. ఇంకొక మంచి మాట కూడా వారే చెప్పారు. మధ్యలో ఒక రోజు తప్పిపోయినంత మాత్రాన అలవాటు చెడిపోదు. జ్వరం వచ్చి ఒకనాడు వేయలేకపోతే, మర్నాడు వేయండి. అంతే.

పుస్తకమే సాక్షి

వాకిట్లో ముగ్గు చెరిగిపోతుంది. పుస్తకంలో తేదీ వేసి గీసినది నిలుస్తుంది. మేము ముఖ్యంగా చెప్పదలచినది ఇదే.

లివరు జబ్బు ముదిరినవారిలో దాని ప్రభావం ఒక్కొక్కసారి మెదడు మీద పడుతుంది. అందుకే అటువంటి రోగి చేత రోజూ పేరు రాయించి, అయిదు మూలల నక్షత్రం గీయించడం వైద్యంలో ఎంతో కాలంగా ఉన్న పద్ధతి. నిన్న చక్కగా వచ్చిన నక్షత్రం ఈరోజు కలవకపోతే, రోగి బాగానే మాట్లాడుతున్నా సరే, డాక్టరుగారికి కబురు చేయాలి. మతిమరుపు అనుమానం ఉన్న పెద్దవారి చేత గడియారం బొమ్మ గీయించడమూ ఇటువంటిదే.

మీ ఇంట్లో పుస్తకం కూడా ఇలాగే మాట్లాడుతుంది. నెలలు గడిచేకొద్దీ గీతలు వణుకుతున్నా, అక్షరాలు చిన్నవైపోతున్నా అది పార్కిన్సన్ జబ్బు లక్షణం కావచ్చు. చుక్కలు వరుస తప్పుతుంటే కళ్ళు చూపించుకోవాలి, షుగరు ఉన్నవారు మరీ ముఖ్యంగా. హఠాత్తుగా చేయి పట్టు తప్పినా, మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా పుస్తకం చూస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ముగ్గు లేని వాకిలి

మన ప్రాంతంలో చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు వేయరు. దారిన పోయేవారికి అదే గుర్తు. దుఃఖానికి సమయం కావాలి, నిజమే. కానీ దినాలు అయిపోయాక కూడా కొందరు తల్లులు ఏ పనీ ముట్టుకోరు. వారి ఒళ్ళో ఒక పుస్తకం, పెన్సిలు పెట్టి "అమ్మా, మీకు వచ్చిన ముగ్గు ఒకటి మాకు నేర్పండి" అని అడగండి. బలవంతం చేయవద్దు, పక్కన కూర్చోండి. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర, ఆసక్తి లేకపోతే డాక్టరుకు చూపించండి. బతకాలని లేదు అన్న మాట వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ ఉచిత ఫోన్ నంబరు 14416.

ఎలా మొదలు పెట్టాలి?

1. 200 పేజీల నోటు పుస్తకం ఒకటి కొనండి. రెండు వైపులా వేస్తే ఏడాదికి రెండు పుస్తకాలు చాలు.
2. ఒక వేళ పెట్టుకోండి. ఉదయం టీ తాగాక, లేదా రాత్రి మాత్ర వేసుకునే ముందు.
3. మొదటి వారం 3 చుక్కలు, 5 చుక్కలు చాలు. పది నిమిషాలు మించనక్కరలేదు.
4. తేదీ తప్పక వేయండి. నచ్చని బొమ్మ చింపవద్దు.
5. ముగ్గులు రానివారు చెట్టు ఆకు, చెంబు, మనవడి చెప్పు, ఏది కనబడితే అది గీయండి. మగవారికీ ఈ పాఠం వర్తిస్తుంది.

జాగ్రత్తలు

మోకాళ్ళ నొప్పులు, నడుము నొప్పి ఉన్నవారు నేల మీద వంగి వేయవద్దు. బల్ల మీద పలక పెట్టుకోండి. ఉబ్బసం ఉన్నవారు రాతిపిండి ముగ్గు బదులు బియ్యప్పిండి వాడి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. బజారు రంగులు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగి అన్నం తినండి. పిల్లలు రంగు చేతులు నోట్లో పెట్టుకుంటారు, గమనించండి. మన ఏటికొప్పాక పనివారు అంకుడు కర్రతో లక్కపిడతలు చేసి, లక్కలో చెట్ల నుండి తీసిన రంగులు కలిపి పూస్తారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సహజ రంగుల కోసం కృషి చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఇంట్లో పసుపు, కుంకుమ, ఆకుల రసంతో మీరూ ప్రయత్నించవచ్చు.

ఈ రాత్రే మొదటి బొమ్మ వేయండి. ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఓ.పి. చీటీతో పాటు ఆ పుస్తకం కూడా తీసుకురండి. బి.పి. చూసేలోగా మేము నాలుగు పేజీలు తిరగేస్తాం.