కేసు షీటు అడగడం తప్పు కాదు

ప్రశ్న: మా అమ్మకు రెండు నెలల కిందట పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేశారు. నొప్పి తగ్గలేదు. హైదరాబాదులో మరో డాక్టరుకు చూపిద్దామని కేసు షీటు అడిగితే, "అది ఆసుపత్రిది, ఇవ్వం" అంటున్నారు. అడిగే హక్కు మాకు లేదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉందమ్మా, నిక్షేపంగా ఉంది. వైద్యుల వృత్తి ధర్మంపై 2002లో భారత వైద్య మండలి తెచ్చిన నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. రోగి గానీ, ఆమె అనుమతించిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అది దుష్ప్రవర్తన కిందికే వస్తుంది. అసలు ఫైలు వాళ్ల దగ్గరే ఉండనివ్వండి, మీకు నకళ్లు చాలు.

నోటిమాటగా అడగకండి. అమ్మగారి సంతకంతో అర్జీ రాసి, అందినట్టు తేదీ వేయించుకోండి. ఆపరేషన్ నోట్సు, స్కానింగ్ రిపోర్టులు, మత్తు ఇచ్చిన వివరాల కాగితం విడివిడిగా పేర్కొనండి. డిశ్చార్జి కాగితంలో ఇవన్నీ ఉండవు, రెండో డాక్టరుకు కావలసినవి ఇవే.

మరో డాక్టరు సలహా కోరడం మొదటి వైద్యుణ్ని అవమానించడమని చాలామంది మొహమాటపడతారు. మంచి డాక్టరు అలా అనుకోడు. గడువు దాటినా ఇవ్వకపోతే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఈలోగా జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా కాగితాల కోసం ఆగకండి, వెంటనే అమ్మను డాక్టరుకు చూపించండి.