చెఱసాల తాళపుచెవి

మిత్రుఁడు ఉరికంబము నెక్కవలసియున్నాఁడు. అదే చెఱసాలలోనున్న వేఱొక బందీ, కావలివాఁడు కునుకుచుండఁగా తాళపుచెవుల గుత్తిని మెల్లఁగా దొంగిలించి, తలుపు తెఱచి, మిత్రుని చేయి పట్టుకొని చీఁకటిలోనికిఁ బోవును. ఇట్టి కథను చదివి గుండె కొట్టుకొనని బాలుఁడుండఁడు. మేమును దానిని తప్పుపట్టఁబోము. ఆపదలోనున్న మిత్రునికొఱకు ప్రాణమొడ్డుట మానవుని గుణములలో నుత్తమమైనది. కాని కథ ముగిసినచోట పాఠము మొదలగుచున్నది. ఆ చెవి ఎవరిది? దానిని కాపాడుచుండిన వాఁడేమయ్యెను? ఆ విడుదల వెలను ఎవరు చెల్లించిరి? ఈ మూఁడు ప్రశ్నలను చేతఁబట్టుకొని చరిత్రలోని కొన్ని సంగతులను పరిశీలింతము.

మొదట మన కృష్ణాతీరపు దృష్టాంతమునే తీసికొందము. బెజవాడయొద్ద 1855 లో ఆనకట్ట పూర్తియైనది మొదలు డెల్టాలోని పొలములన్నియు కాలువనీటిపై బ్రదుకుచున్నవి. ఆ ఆనకట్ట స్థానమున 1957 లో ప్రకాశము బారేజి వచ్చినను కాలువల ధర్మము మాఱలేదు. నీరు వంతులవారీగాఁ బాఱవలెను. తూము తలుపు నెత్తుటయు దించుటయు లస్కరు పని. ఒక రైతు తన మిత్రుని చేను ఎండిపోవుచున్నదని రాత్రివేళ ఆ తూమును దొంగచాటుగా నెత్తెననుకొనుఁడు. మిత్రుని చేను తడియును. తెల్లవాఱునప్పటికి శివారు పొలములకు నీరందదు. మాట వచ్చుట లస్కరునకు. తాళపుచెవి ఇనుపముక్క మాత్రమే కాదు. అది పదిమంది యొకనియందుంచిన నమ్మకము. ఆ నమ్మకమును ముట్టుకొనువాఁడు ఎంత మంచి కారణమున ముట్టుకొన్నను, దాని భారము నెవరు మోయుదురో ముందుగా నాలోచింపవలెను.

ఇఁక తెలుఁగుగడ్డపై జరిగిన సంగతి. 1857 లో ఉత్తరదేశమున సిపాయిల తిరుగుబాటు చెలరేఁగినప్పుడు, బులఢాణాయొద్దనున్న హైదరాబాదు కంటింజెంటు దళమున చీదాఖాను అను జమాదారుండెను. ఢిల్లీలోని తిరుగుబాటుదారులపై యుద్ధమునకుఁ బోవుటకు నిరాకరించి, అతఁడు కొద్దిమంది అనుచరులతో హైదరాబాదునకు వచ్చెను. నిజాము తనకు ఆశ్రయమిచ్చునని యతని ఆశ. కాని దివానగు సాలార్జంగు అతనిని బంధించి ఆంగ్ల రెసిడెంటునకు అప్పగించెను. అట్టి నేరమునకు ఆ దినములలో ఎట్టి శిక్ష కలుగునో నగరమున నెఱుఁగనివారు లేరు.

జూలై 17వ తేదీ శుక్రవారమునాఁడు మక్కామసీదు కడ జనులు గుమిగూడిరి. ఆ సాయంకాలము తుఱ్ఱేబాజుఖాను అను వీరుఁడును, మౌల్వీ అల్లాఉద్దీను అను పండితుఁడును దాదాపు ఐదువందలమంది రోహిల్లాలతో మూసీనది దాఁటి రెసిడెన్సీపై దాడి వెడలిరి. చీదాఖానును, అతని తోడివారిని విడిపింపవలెననుటయే వారి సంకల్పము. వారు రెసిడెన్సీకెదుటనున్న రెండు మేడలను ఆక్రమించి రాత్రియంతయు కాల్పులు జరిపిరి. దివాను ముందుగానే వర్తమానమంపియుండుటచేత రెసిడెంటు డేవిడ్సను ఫిరంగులతో సిద్ధముగానుండెను. తెల్లవాఱుజామునకు దాడి విఫలమయ్యెను. చీదాఖాను విడుదల కాలేదు. ఆ రెసిడెన్సీ భవనమందు తరువాత బాలికల కళాశాల వెలసి, నేఁడు మహిళా విశ్వవిద్యాలయమై యున్నది. ఆనాఁడు బందీకొఱకు తుపాకులు మ్రోఁగిన ప్రాంగణమున నేఁడు విద్యార్థినులు పుస్తకములతో నడచుచున్నారు.

విడిపింపవచ్చినవాఁడే తరువాత బందీ యయ్యెను. తుఱ్ఱేబాజుఖాను మొగిలిగిద్ద ప్రాంతమున పట్టువడెను. అతనికి యావజ్జీవ ద్వీపాంతరవాసము విధింపఁబడెను. తనతోఁ గూడినవారి జాడ చెప్పుమని యెంత యొత్తిడి చేసినను అతఁడు నోరు మెదపలేదు. 1859 జనవరి 18వ తేదీన కావలివారి తోడ్పాటుతో చెఱసాలనుండి తప్పించుకొనిపోయెను. ప్రభుత్వము అతని తలకు ఐదువేల రూపాయల బహుమానము ప్రకటించెను. ఆఱుదినములలోనే తూప్రానుయొద్ద అతఁడు చంపఁబడెను. మౌల్వీ అల్లాఉద్దీను అండమాను దీవులకుఁ బంపఁబడి, మరల స్వదేశమును జూడక అచ్చటనే మరణించెను. ఆ రాత్రి చేసిన పనియొక్క వెలను వారిద్దఱును సంపూర్ణముగాఁ దమ ప్రాణములతోనే చెల్లించిరి. తమ భారమును ఇతరులపై నెట్టలేదు. కార్యము విఫలమైనను వారి పేరు నిలుచుటకు కారణమిదియే.

రెండవ సంగతి మన గోదావరి కావలి మన్యములో జరిగినది. అడవిచట్టములచేత పోడు సాగునకు అడ్డంకులు గల్గి, రోడ్డుపనులలో కూలి సరిగా ముట్టక, కొండవారు బాధపడుచున్న కాలమున అల్లూరి సీతారామరాజు వారికి నాయకుఁడయ్యెను. 1922 ఆగష్టు 22న చింతపల్లి ఠాణాను, 23న కృష్ణదేవిపేట ఠాణాను, 24న రాజవొమ్మంగి ఠాణాను అతని దళము ముట్టడించెను. తుపాకులను గైకొనుటయే ఈ దాడుల ముఖ్యోద్దేశము. కాని రాజవొమ్మంగిలో వేఱొక పనియుఁ గలదు. అదివఱకు జరిగిన లాగరాయి పితూరీలో పాల్గొన్న మొట్టడము వీరయ్యదొర అచ్చట బందీయై యుండెను. పోలీసులు కొంత ప్రతిఘటించినను నిలువలేకపోయిరి. వీరయ్యదొర చెఱనుండి వెలువడి దళములోఁ జేరెను.

ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన విషయమొకటి కలదు. సీతారామరాజు తాను గైకొన్న ఆయుధముల పట్టికను ఠాణా పుస్తకములో వ్రాసి, క్రింద తన సంతకము చేయుచుండెను. దొంగకు సంతకముండదు. ఈ పని చేసినవాఁడను నేను, దీనికి సమాధానము చెప్పవలసినవాఁడను నేను అని ఆ సంతకమునకు అర్థము. ఠాణాలోని చిన్న యుద్యోగియే ఆ వస్తువులను దాఁచెనని యెవరును అనుమానింప వలనుపడదు. రాజు ఆ మాట నిలుపుకొనెను. 1924 మే 7వ తేదీన కొయ్యూరు ప్రాంతమున పట్టువడి చంపఁబడెను. ఐనను నిజమంతయుఁ జెప్పవలెను. ఆ రెండేండ్లును మలబారు పోలీసుల మొదలుగాఁ గల దళములు మన్యమున దిగఁగా, తుపాకి ముట్టని కొండపల్లెలవారు సైతము కష్టములఁ బడిరి. వీరయ్యదొరకు తెఱచిన తలుపునకు నాయకుఁడు వెల చెల్లించెను. కొంత వెల నిరపరాధులపైఁ గూడఁ బడెను. వీరుని గౌరవించుచునే దీనిని మఱవకుండుట చరిత్ర చదువువాని ధర్మము.

పై రెండింటను బయటివారు వచ్చి బందీలను విడిపింపఁజూచిరి. లోపలి బందీలే మరణశిక్ష పడిన తోడివానిని వెంటఁదీసికొనిపోయిన సంగతి యొకటి ఐర్లండు చరిత్రలోఁ గలదు. 1921 లో డబ్లిను నగరమందలి కిల్‌మైనాము చెఱసాలలో ఫ్రాంకు టీలింగు అనువానికి ఉరిశిక్ష పడియుండెను. కావలియందున్న సైనికులలో కొందఱు జాలిపడి, లోపలి బందీలకు ఇనుపకడ్డీని తెగఁగోయు పనిముట్టును రహస్యముగాఁ దెచ్చియిచ్చిరి. ఫిబ్రవరి 14వ తేదీ రాత్రి ఎర్నీ ఓమాలీ, సైమను డానెల్లీ అను వారు టీలింగును వెంటఁబెట్టుకొని, పెరటి వాకిలి గడియను తెగఁగోసి బయటఁబడిరి.

పాట్రికు మోరాను అను వానిని గూడ వారు తమతో రమ్మని బతిమాలిరి. అతఁడు రాలేదు. తనపై మోపఁబడిన నేరమును తాను చేయలేదు; తన పక్షమున సాక్షులు నిలువనున్నారు; తాను పాఱిపోయినచో ఆ సాక్షుల మాట బూటకమని లోకమనుకొనును; వారి నమ్మకమునకు ద్రోహము చేయఁజాలనని యతని తలంపు. మార్చి 14వ తేదీన అతనిని ఉరితీసిరి. తోడ్పడిన సైనికులు శిక్షింపఁబడిరి. టీలింగు బ్రతికెను. ఒకే రాత్రి, ఒకే వాకిలి. ఒకఁడు దానిగుండా నడచి ప్రాణము దక్కించుకొనెను. ఒకఁడు సాక్షుల గౌరవముకొఱకు వెనుక నిలిచెను. మఱికొందఱు ఇతరులకొఱకు తలుపు తెఱచి తాము లోపలఁ బడిరి. వీరిలో మిత్రధర్మమును ఎక్కువగాఁ బాటించినవారెవరని అడిగినచో, మేము తొందరపడి ఒక పేరు చెప్పఁజాలము. తరగతిలో మీరే వాదించుకొనుఁడు.

చెఱసాల అధికారి ప్రాణము గూడ ప్రాణమే యని మనము నిత్యము చదువు గ్రంథమున నొక వృత్తాంతము తెల్పుచున్నది. ఫిలిప్పీ పట్టణమున అర్ధరాత్రి భూకంపము కలిగి చెఱసాల తలుపులన్నియుఁ దెఱచుకొనెను. బందీలు పాఱిపోయిరనుకొని అధికారి కత్తి దూసి తన్నుఁ దాను చంపుకొనఁబోయెను. రోమక ప్రభుత్వమున బందీ తప్పించుకొన్నచో కావలివాఁడు తన తల నియ్యవలసివచ్చుటయే ఆ భయమునకు కారణము. తలుపు తెఱచియున్నను పౌలు కదలక, అందఱము ఇచ్చటనే యున్నామని కేకవేసి అతని ప్రాణము కాపాడెను. తాళపుచెవిని దొంగిలించు కథలలో ఆ కావలివాని మాట చాలవఱకుండదు. అతనికిని భార్యాబిడ్డలుందురని చదువరి మఱచిపోవును.

ఐనచో మిత్రుఁడు ఉరికి సిద్ధమైయుండఁగా చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదేనా? ఎన్నటికిని గాదు. దొంగిలింప నక్కఱలేని తాళపుచెవి యొకటి కలదు. అది న్యాయము. తెలంగాణా రైతుపోరాటమున పాల్గొన్న పండ్రెండుమందికి 1949 లో ప్రత్యేక న్యాయస్థానములు మరణశిక్ష విధించెను. వారి మిత్రులు చెఱసాల గోడలకు నిచ్చెనలు వేయలేదు. దేశములోను విదేశములలోను విన్నపములు చేసి, ఇంగ్లండునుండి డి. ఎన్. ప్రిట్టు అను ప్రసిద్ధ న్యాయవాదిని పిలిపించి, సుప్రీముకోర్టులో వాదింపఁజేసిరి. 1951 లో కోర్టు వారి వాదమును అంగీకరింపలేదు. ఐనను మిత్రులు విడువలేదు. తరువాత ఆ మరణశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మార్పఁబడెను. పండ్రెండు ప్రాణములు నిలిచెను. ఏ కావలివానికిని కీడు కలుగలేదు.

నేఁడు మనదేశమున సెషన్సు న్యాయస్థానము విధించిన మరణశిక్షను హైకోర్టు ధ్రువపఱచినఁగాని అమలు చేయఁగూడదు. మన రాష్ట్రపు హైకోర్టు 2019 నుండి బెజవాడకు సమీపముననే, కృష్ణ కావలిగట్టున, అమరావతియందున్నది. దానిపైని సుప్రీముకోర్టు కలదు. రాజ్యాంగపు 72వ అధికరణము రాష్ట్రపతికిని, 161వ అధికరణము గవర్నరునకును శిక్షను తగ్గించుటకు గాని క్షమించుటకు గాని అధికార మిచ్చుచున్నవి. బీదవానికి ప్రభుత్వ వ్యయముతో న్యాయవాదిని సమకూర్చుటకు 1987 నాఁటి చట్టము కలదు. ఇన్ని తలుపులున్నను వానిని తట్టువాఁడొకఁడు కావలెను. లోపలనున్నవాఁడు తనంతఁ దాను తట్టలేఁడు. ఈ తట్టుట మిత్రుని పని. ఇది రాత్రి యొక గడియలో ముగియు సాహసము గాదు. ఏండ్లతరబడి ఉత్తరములు వ్రాయుట, కాగితములు మోయుట, వాకిళ్లయొద్ద నిలుచుట, నలుగురు నవ్వినను మానకుండుట. చెవిని దొంగిలించుటకంటె దీనికి ఎక్కువ ధైర్యము కావలెనని మా యభిప్రాయము.

విద్యార్థులారా, మీలో నెవరికిని చెఱసాల గోడ దూఁకవలసిన యవసరము రాకుండుఁగాక. కాని మీ స్నేహితుఁడు చేయని తప్పునకు తరగతిలో నిందపడు దినము తప్పక వచ్చును. అప్పుడు మీ యెదుట రెండు మార్గములుండును. అతనికొఱకు అబద్ధమాడి, ఆ నింద వేఱొక బాలునిపైఁ బడనిచ్చుట మొదటిది. ఉపాధ్యాయుని యెదుట నిలిచి, నేను చూచినది యిది యని చెప్పి, ఆ మాటవలన వచ్చు కష్టమును తానే భరించుట రెండవది. స్నేహితుఁడు నిజముగాఁ దప్పుచేసియుండినచో అతనిని దాఁచక, అతనితోఁగూడ నడచిపోయి, అతఁడు తప్పొప్పుకొనునప్పుడు ప్రక్కన నిలువుఁడు. తలిదండ్రులారా, అట్లు నిజము చెప్పి యింటికి వచ్చిన బిడ్డను, ఇతరుల గొడవ నీకేల యని గద్దింపకుఁడు. ఆ బిడ్డయే రేపు కాలువ తూమునకు గాని, చెఱసాలకు గాని, న్యాయస్థానమునకు గాని తాళపుచెవి పట్టుకొనవలసినవాఁడు.